గెలాక్సీ ద్రవ్యరాశిపై పరిసరాల ప్రభావం: కళాశాల కంప్యూటరు మీదే లెక్కగట్టే పద్ధతి

మన పాలపుంత, దానికి 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆండ్రోమెడా, వీటి చుట్టూ తిరిగే పదుల కొద్దీ చిన్న గెలాక్సీలు కలిసి ఒక చిన్న సమూహంగా ఉన్నాయి. ఇక్కడికి దాదాపు అయిదున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, కన్యారాశి దిక్కున, వెయ్యికి మించిన గెలాక్సీలు ఒకేచోట గుమిగూడిన గుచ్ఛం ఉంది. వీటికి భిన్నంగా, కోట్ల కాంతి సంవత్సరాల మేర దాదాపు ఏమీ కనిపించని శూన్య ప్రాంతాలు కూడా ఉన్నాయి. ఈ మూడు రకాల చోట్లలో గెలాక్సీలు ఒకే తీరుగా పెరిగాయా, లేక ఉన్న చోటును బట్టి వాటి ద్రవ్యరాశి మారిందా అన్న ప్రశ్న నేటి ఖగోళ శాస్త్రంలో పెద్ద ప్రశ్నల్లో ఒకటి. దానికి సమాధానం వెతకడానికి కావలసిన డేటా అంతా ఎవరికైనా ఉచితంగా అందుబాటులో ఉంది కనుక, నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, సూర్యాపేటల్లో భౌతికశాస్త్రం చదివే డిగ్రీ, పీజీ విద్యార్థులు దీన్ని ప్రాజెక్టుగా ఎంచుకుని సొంతంగా లెక్కగట్టవచ్చు. ల్యాబులో ఇంటర్నెట్ ఉన్న ఒక మామూలు కంప్యూటరు, పైథాన్ భాషతో కాస్త పరిచయం ఉంటే సరిపోతుంది.

మన ప్రాంతానికి ఖగోళ పరిశీలన కొత్తది కాదు. నాగార్జునసాగర్ వెళ్లే దారికి చేరువలోని జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల దూరదర్శినిని నెలకొల్పింది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రవేత్తలు అక్కడి నుంచి పరిశీలించారు. అయితే ఈ పనికి కావలసినది ఒక్కొక్క గెలాక్సీని చూడటం కాదు, వేల గెలాక్సీలను ఒకేసారి పోల్చడం. అంత విస్తృతంగా ఆకాశాన్ని కొలిచిన సర్వే ఫలితాలను నేరుగా వాడుకోవడమే తెలివైన మార్గమని నా అభిప్రాయం.

ఏ ద్రవ్యరాశి, ఏ పరిసరం

పని మొదలుపెట్టే ముందు ఈ రెండు మాటలకు స్పష్టమైన అర్థం నిర్ణయించుకోవాలి. చాలా ప్రాజెక్టులు తడబడేది ఇక్కడే.

ఒక గెలాక్సీకి మూడు రకాల ద్రవ్యరాశి ఉంటుంది. నక్షత్రాలన్నీ కలిపితే వచ్చేది ఒకటి, ఇంకా నక్షత్రాలుగా మారని వాయువు మరొకటి, గెలాక్సీని అన్ని వైపులా చుట్టి ఉన్న, కంటికి కనిపించకుండా గురుత్వం ద్వారానే తెలిసే కృష్ణ పదార్థపు వలయం మూడవది. పాలపుంతలో నక్షత్రాల ద్రవ్యరాశి సూర్యుడి కంటే సుమారు 5,000 నుంచి 6,000 కోట్ల రెట్లు కాగా, కృష్ణ పదార్థాన్ని కలిపిన మొత్తం దాదాపు లక్ష కోట్ల రెట్లు. పరిసరాల ప్రభావం ఈ మూడింటిపై ఒకే విధంగా ఉండదు. గుచ్ఛంలోకి వచ్చి పడిన చిన్న గెలాక్సీ తన బయటి కృష్ణ పదార్థాన్నీ వాయువునూ ముందుగా కోల్పోతుంది, నడుమ ఉండే నక్షత్రాలు చాలాకాలం వరకు చెక్కుచెదరవు. కాబట్టి ఒకే గెలాక్సీ విషయంలో "ద్రవ్యరాశి తగ్గింది", "ద్రవ్యరాశి మారలేదు" అన్న రెండు మాటలూ నిజం కావచ్చు. సర్వే చిత్రాల నుంచి మనం తీయగలిగినది నక్షత్రాల ద్రవ్యరాశి మాత్రమే. ఇకపై ఈ వ్యాసంలో విడిగా చెప్పనిచోట ద్రవ్యరాశి అంటే అదే.

పరిసరానికీ అర్థాలు ఒకటికి మించి ఉన్నాయి. గెలాక్సీకి అతి సమీపంలో ఎందరు పొరుగువారు ఉన్నారన్నది ఒక కొలత. అది ఏ సమూహానికి చెందినది, ఆ సమూహంలో నడుమ కూర్చున్న ప్రధాన గెలాక్సీయా లేక దాని చుట్టూ తిరిగే ఉపగ్రహ గెలాక్సీయా అన్నది రెండవది. కోట్ల కాంతి సంవత్సరాల పొడవున సాగే గెలాక్సీల తంతువులకూ శూన్యాలకూ అది ఎంత దూరంలో ఉన్నదన్నది మూడవది. తొలిసారి చేసేవారు మొదటి కొలతతో ప్రారంభించి, రెండవదానితో సరిచూసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. తంతువులను గుర్తించే పద్ధతులు ఆకర్షణీయంగా కనిపిస్తాయి గానీ, వాటిలో మనం ఎంచుకునే సంఖ్యలను బట్టి ఫలితం మారిపోతుంది.

ప్రభావం ఎలా కలుగుతుంది

లెక్కలో ఏమి వెతుకుతున్నామో తెలియాలంటే కారణాలు ముందుగా తెలిసి ఉండాలి. అవి పుట్టుకలోనే ఉన్నవి కొన్ని, తరువాత వచ్చి చేరినవి కొన్ని.

విశ్వం తొలినాళ్లలో పదార్థం దాదాపు అంతటా సమానంగానే ఉన్నా, సుమారు లక్షలో ఒక వంతు మేర హెచ్చుతగ్గులు ఉండేవి. విశాలమైన ఒక ప్రాంతం మొత్తం సగటు కంటే కాస్త చిక్కగా ఉన్నప్పుడు, ఆ ప్రాంతంలోని చిన్న చిన్న ముద్దలు మిగతా చోట్ల కంటే ముందుగా కుదించుకుపోయి, తమలో తాము కలిసిపోతూ, పెద్ద కృష్ణ పదార్థ వలయాలుగా ఎదుగుతాయి. భారీ వలయాలు చిక్కని ప్రాంతాల్లోనే ఎక్కువగా ఎందుకు ఉంటాయో నిక్ కైజర్ 1984లో ఈ దారిలోనే వివరించారు. పెద్ద వలయంలో పెద్ద గెలాక్సీ పుట్టడం సహజం కనుక, గెలాక్సీ ద్రవ్యరాశికీ పరిసరాలకీ ఉన్న సంబంధంలో అధిక భాగం ఇక్కడే నిర్ణయమైపోతుంది. శూన్య ప్రాంతాల్లో ఈ ప్రక్రియ నెమ్మదిగా సాగుతుంది. అక్కడి గెలాక్సీలు తమ నక్షత్రాలను మిగతా వాటి కంటే నిదానంగా కూడబెట్టుకున్నాయని 2023లో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన కూడా చూపింది.

తరువాత వచ్చి చేరే కారణాలు ఎక్కువగా పెరుగుదలను ఆపేవి. గుచ్ఛం అంతటా కోట్ల డిగ్రీల వేడితో పలుచని వాయువు నిండి ఉంటుంది. అందులోకి సెకనుకు వెయ్యి కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చే గెలాక్సీ నుంచి, ఎదురు ఒత్తిడి వల్ల, చల్లని వాయువు ఊడిపోతుంది. దీన్ని గన్, గాట్ 1972లో సూత్రీకరించారు. కన్యారాశి గుచ్ఛంలోని ఎన్‌జీసీ 4522 అనే గెలాక్సీ చిత్రాన్ని తెరపై పెద్దది చేసి చూస్తే ఇది కళ్లకు కడుతుంది. నక్షత్రాల పళ్లెం ఏ వంకరా లేకుండా ఉంటుంది. వాయువు మాత్రం ఒక పక్కకు వంగి పళ్లెం పైకి లేచిపోయి ఉంటుంది. గురుత్వాకర్షణ లాగి ఉంటే నక్షత్రాలూ చెదిరేవి. అవి చెదరలేదంటే, లాగినది పొరుగు గెలాక్సీ కాదని, ఒత్తిడి చేసినది వేడి వాయువని తెలుస్తుంది. ఇంత విడ్డూరంగా కాకుండా నిదానంగా జరిగే మరో మార్గాన్ని లార్సన్, టిన్స్‌లీ, కాల్డ్‌వెల్ 1980లో ప్రతిపాదించారు. దాని ప్రకారం గెలాక్సీకి బయటి నుంచి అందవలసిన కొత్త వాయువు ఆగిపోతుంది, ఉన్న నిల్వతో వందల కోట్ల సంవత్సరాలు నెట్టుకొచ్చి, ఆ తరువాత నక్షత్రాల పుట్టుక ఆగిపోతుంది.

పెరుగుదలకు తోడ్పడే కారణం ఒకటుంది, అది విలీనం. కానీ ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఉంది. గెలాక్సీలు కిక్కిరిసిన గుచ్ఛంలో విలీనాలు ఎక్కువగా జరుగుతాయని అనుకోవడం సహజమే అయినా, గుచ్ఛంలో వేగాలు మరీ ఎక్కువ కావడం వల్ల రెండు మామూలు గెలాక్సీలు ఎదురుపడినా ఒకదాన్నొకటి దాటుకుని వెళ్లిపోతాయే తప్ప కలిసిపోవు. విలీనాలకు అనువైన చోట్లు సెకనుకు రెండు మూడు వందల కిలోమీటర్ల వేగాలుండే చిన్న సమూహాలు. అక్కడ కలిసి పెద్దవైన గెలాక్సీలే తరువాత సమూహంతో సహా గుచ్ఛంలోకి వచ్చి పడతాయి. గుచ్ఛం నడిబొడ్డున ఉండే మహా గెలాక్సీ ఒక్కటే దీనికి మినహాయింపు. 1943లో చంద్రశేఖర్ లెక్కగట్టిన గతిక ఘర్షణ వల్ల బరువైన గెలాక్సీలు వేగం కోల్పోయి నడుమకు దిగిపోతాయి, అక్కడి గెలాక్సీ వాటిని తనలో కలుపుకుంటుంది. కన్యారాశి గుచ్ఛం నడుమ ఉన్న ఎం 87 గెలాక్సీ అంతటిది అయ్యింది ఇలాగే.

డేటా తీసుకోవడం

స్లోన్ డిజిటల్ స్కై సర్వే 2000వ సంవత్సరం నుంచి, అమెరికాలోని న్యూ మెక్సికోలో ఉన్న 2.5 మీటర్ల దూరదర్శినితో, ఆకాశంలో పెద్ద భాగాన్ని చిత్రించి, లక్షల గెలాక్సీల వర్ణపటాలను నమోదు చేసింది. మన దేశపు శాస్త్రవేత్తలు పుణె కేంద్రంగా 2017లో ప్రకటించిన సరస్వతి మహాగుచ్ఛం, 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోనిది, ఈ సర్వే డేటాలోనే దొరికింది. ఈ సర్వే స్కైసర్వర్ వెబ్‌సైటులో ఎస్‌క్యూఎల్ (డేటాబేసును ప్రశ్నించే భాష) ప్రశ్నలు రాసి కావలసిన పట్టికను దించుకోవచ్చు. పట్టిక పెద్దదైతే ఈ సర్వేకే చెందిన కాస్‌జాబ్స్ సేవలో ఉచిత ఖాతా తెరుచుకోవడం మంచిది, కరెంటు పోయినా, నెట్ తెగినా అడిగిన పని అక్కడ ఆగిపోదు.

గెలాక్సీగా వర్గీకరించినవి, వర్ణపటంలో రెడ్‌షిఫ్ట్ (దూరమయ్యే గెలాక్సీ కాంతి ఎరుపు వైపు జరిగిన మేర) హెచ్చరిక సున్నాగా ఉన్నవి, ఆర్ (ఎరుపు కాంతి) వడపోతలో 17.77 మాగ్నిట్యూడ్ (సంఖ్య తగ్గేకొద్దీ ప్రకాశం ఎక్కువ) కంటే ప్రకాశవంతమైనవి, రెడ్‌షిఫ్ట్ 0.02 నుంచి 0.05 లోపు ఉన్నవి అడగండి. ప్రతి గెలాక్సీకి స్థానం, రెడ్‌షిఫ్ట్, జి, ఆర్, ఐ వడపోతల్లో మాగ్నిట్యూడ్‌లు తీసుకోండి. రంగుకు మోడల్ మాగ్నిట్యూడ్, మొత్తం ప్రకాశానికి సి-మోడల్ మాగ్నిట్యూడ్ వాడాలి. పాలపుంతలోని ధూళి మింగిన కాంతికి సవరణ చేసిన విలువలనే ఎంచుకోవాలి.

0.02 కంటే దగ్గరివి ఎందుకు వద్దంటున్నానో ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. కన్యారాశి గుచ్ఛంలోని ఎం 86 మన నుంచి దూరం కావడానికి బదులు సెకనుకు దాదాపు 244 కిలోమీటర్ల వేగంతో మన వైపే వస్తోంది. రెడ్‌షిఫ్ట్ వేగాన్ని, విశ్వ విస్తరణ రేటును చెప్పే హబుల్ స్థిరాంకంతో భాగించి దూరం కనుక్కోవాలని చూస్తే, దానికి రుణాత్మక దూరం వస్తుంది! అది అయిదు కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉన్న గెలాక్సీ. గుచ్ఛం గురుత్వంలో చిక్కుకుని మన వైపు పరుగెత్తుతున్న వేగం విశ్వ విస్తరణ వేగాన్ని మించిపోయింది, అంతే. రెడ్‌షిఫ్ట్ 0.02 దగ్గర విస్తరణ వేగం సెకనుకు 6,000 కిలోమీటర్లు. అక్కడ 300 కిలోమీటర్ల సొంత వేగం ఉన్నా దూరంలో తప్పు 5 శాతమే, ద్రవ్యరాశిలో 10 శాతమే. మరో కారణం కూడా ఉంది. మరీ దగ్గరి పెద్ద గెలాక్సీలను సర్వే సాఫ్ట్‌వేరు ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కను ఒక్కో గెలాక్సీగా లెక్కించిన సందర్భాలున్నాయి. కన్యారాశి గుచ్ఛాన్నే అధ్యయనం చేయాలనుకునేవారు, దగ్గరి గెలాక్సీల కోసం ప్రత్యేకంగా తిరిగి కొలిచిన నాసా-స్లోన్ అట్లాస్‌ను తీసుకుని, దూరాలను రెడ్‌షిఫ్ట్‌తో కాక ఇతర పద్ధతుల్లో కొలిచిన విలువలతో నింపుకోవాలి. మనం తీసుకున్న పరిధిలో 32 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని కోమా గుచ్ఛం ఉంది, కనుక కిక్కిరిసిన పరిసరానికి కొరత రాదు.

ద్రవ్యరాశి లెక్క

దీనికి 2011లో టేలర్, ఆయన సహచరులు ఇచ్చిన సూత్రం తేలికైనది, నమ్మదగినది. జి మాగ్నిట్యూడ్ నుంచి ఐ మాగ్నిట్యూడ్‌ను తీసివేస్తే వచ్చే రంగును 0.70తో గుణించాలి, దానికి 1.15 కలపాలి, అందులోంచి ఐ వడపోతలోని నిరపేక్ష మాగ్నిట్యూడ్‌కు (దూరంతో సంబంధం లేని అసలు ప్రకాశపు కొలతకు) 0.4 రెట్లు తీసివేయాలి. వచ్చినది, సూర్యుడి ద్రవ్యరాశి ప్రమాణంగా, గెలాక్సీ నక్షత్రాల ద్రవ్యరాశికి 10 ఆధారంగా సంవర్గమానం. ఎర్రటి గెలాక్సీలో వయసు మళ్లిన మసక నక్షత్రాలు ఎక్కువ కాబట్టి, అంతే కాంతి ఇచ్చే నీలి గెలాక్సీ కంటే దానికి ద్రవ్యరాశి ఎక్కువ. సూత్రంలో రంగుకు చోటు దక్కింది అందుకే.

ఒక ఊహాత్మక గెలాక్సీని తీసుకుందాం. రెడ్‌షిఫ్ట్ 0.02, ఐ మాగ్నిట్యూడ్ 14.0, జి మాగ్నిట్యూడ్ 15.1. వేగం 6,000ను హబుల్ స్థిరాంకం 70తో భాగిస్తే దూరం 85.7 మెగాపార్సెక్‌లు (ఒక మెగాపార్సెక్ దాదాపు 32.6 లక్షల కాంతి సంవత్సరాలు). ఈ దూరాన్ని పార్సెక్‌లలోకి మార్చి, పదితో భాగించి, సంవర్గమానం తీసి అయిదుతో గుణిస్తే దూర సూచిక 34.67 వస్తుంది. 14.0 నుంచి దాన్ని తీసివేస్తే నిరపేక్ష మాగ్నిట్యూడ్ మైనస్ 20.67. రంగు 1.1 కనుక, 1.15కు 0.77, దానికి 8.27 కలిపితే 10.19. అంటే సూర్యుడికి దాదాపు 1,550 కోట్ల రెట్లు, పాలపుంతలో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. ఒక గెలాక్సీకి ఈ లెక్కను ముందుగా కాగితం మీద చేసి, ఆ తరువాతే పైథాన్‌లో మొత్తం పట్టికకు వర్తింపజేయండి. మైనస్ గుర్తు తారుమారైతే కంప్యూటరు ఏమీ అనదు.

ఇక్కడే ఒక కోత కూడా పెట్టుకోవాలి. రెడ్‌షిఫ్ట్ 0.05 దగ్గర, 17.77 పరిమితి వల్ల, ఆర్ వడపోతలో నిరపేక్ష మాగ్నిట్యూడ్ మైనస్ 19 కంటే మసకైన గెలాక్సీలు మనకు కనిపించవు. ఆ అంచున ఉన్న నీలి గెలాక్సీ ద్రవ్యరాశి సంవర్గమానం సుమారు 9.2, ఎర్రటి దానిది సుమారు 9.75. అంటే ఈ రెంటి నడుమ ఉన్న పరిధిలో నీలివి మాత్రమే పట్టికలోకి వస్తాయి, అంతే ద్రవ్యరాశి ఉన్న ఎర్రవి జారిపోతాయి. ఎర్ర గెలాక్సీలు ఎక్కువగా ఉండేది కిక్కిరిసిన చోట్లలోనే కనుక, ఈ ఒక్క లోపమే పరిసరాల ప్రభావం అనిపించే దొంగ ఫలితాన్ని సృష్టించగలదు. అందుచేత సూర్యుడికి వెయ్యి కోట్ల రెట్లు, అంటే సంవర్గమానం 10, దానికంటే తక్కువ ద్రవ్యరాశి ఉన్నవాటిని పోలికలోంచి తొలగించండి.

పరిసరాల సాంద్రత లెక్క

ప్రతి గెలాక్సీకీ, దాని వేగానికి అటూ ఇటూ సెకనుకు 1,000 కిలోమీటర్ల లోపు ఉన్న పొరుగు గెలాక్సీలను మాత్రమే తీసుకుని, ఆకాశంలో దానికి అయిదవ దగ్గరి పొరుగు ఎంత దూరంలో ఉందో చూడాలి. ఆ దూరాన్ని వ్యాసార్థంగా గల వృత్త వైశాల్యంతో అయిదును భాగిస్తే, చదరపు మెగాపార్సెక్‌కు ఎన్ని గెలాక్సీలన్నది వస్తుంది. పొరుగువారిగా మైనస్ 19 కంటే ప్రకాశవంతమైనవాటినే లెక్కించాలి, లేకపోతే దగ్గరి గెలాక్సీలకు మసక పొరుగులు ఎక్కువగా కనిపించి వాటి సాంద్రత లేనిపోని విధంగా పెరుగుతుంది.

మన ఊహాత్మక గెలాక్సీ దూరంలో ఆకాశంలోని ఒక డిగ్రీ 1.5 మెగాపార్సెక్‌లకు సమానం. దాని అయిదవ పొరుగు 40 నిమిషాల కోణంలో (డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషం, అందులో 60వ వంతు ఒక సెకను) ఉంటే దూరం 1 మెగాపార్సెక్, సాంద్రత సుమారు 1.6. అదే పొరుగు 10 నిమిషాల కోణంలో ఉంటే సాంద్రత 25 దాటుతుంది. కోణం లెక్కలో విషువాంశాల (ఆకాశంలో తూర్పు పడమర స్థానాల) తేడాను క్రాంతి (ఉత్తర దక్షిణ స్థానం) కొసైన్‌తో గుణించడం మరువకూడదు. పైథాన్‌లోని ఆస్ట్రోపై లైబ్రరీ ఈ పనిని తానే చేసిపెడుతుంది.

వేగానికి వెయ్యి కిలోమీటర్ల వెసులుబాటు ఎందుకంటే, గుచ్ఛంలోని గెలాక్సీల సొంత వేగాలు వాటిని దృష్టి రేఖ వెంట సాగదీసి చూపుతాయి. వెయ్యి కిలోమీటర్ల వేగం దూరంలో 14 మెగాపార్సెక్‌ల తేడాగా కనిపిస్తుంది. గుచ్ఛం మొత్తం మన వైపు చాచిన వేలులా పటంలో నిలబడుతుంది. వెసులుబాటు లేకపోతే నిజమైన పొరుగువారు లెక్కలో దూరమైపోతారు.

సర్వే అంచుల దగ్గరి గెలాక్సీలను మాత్రం నిర్మొహమాటంగా తీసివేయండి. అయిదవ పొరుగు దూరం కంటే అంచు దగ్గరగా ఉంటే, ఆ సాంద్రత విలువకు అర్థం లేదు. అలాగే, ఆకాశంలో 55 సెకన్ల కోణం కంటే దగ్గరగా ఉన్న రెండు గెలాక్సీలకు ఒకేసారి, వాటి కాంతిని వర్ణపట యంత్రానికి చేర్చే ఫైబర్ అమర్చడం ఈ సర్వేలో సాధ్యం కాలేదు. దానివల్ల వర్ణపటం అందక జారిపోయిన గెలాక్సీలు కిక్కిరిసిన చోట్లలోనే ఎక్కువ. అక్కడి సాంద్రతను మన లెక్క కాస్త తక్కువ చేసి చూపుతుందని ప్రాజెక్టులో రాయాలి.

పోల్చడం

గెలాక్సీలన్నిటినీ సాంద్రత క్రమంలో పేర్చి నాలుగు సమాన భాగాలు చేయండి. అతి పలుచని భాగంలోనూ, అతి చిక్కని భాగంలోనూ ఏ ద్రవ్యరాశికి ఎన్ని గెలాక్సీలున్నాయో ఒకే పటంలో గీయండి. చిక్కని భాగపు వక్రరేఖ భారీ ద్రవ్యరాశి వైపు ఎక్కువ దూరం సాగడం, సూర్యుడికి పది వేల కోట్ల రెట్లు దాటిన గెలాక్సీల వంతు అక్కడ పెరగడం కనిపించాలి. ఈ వక్రరేఖలకు 1976లో షెక్టర్ ఇచ్చిన సూత్రాన్ని అమర్చితే, రేఖ ఒక్కసారిగా కిందికి దిగే ద్రవ్యరాశి ఎంతో ఒక్కో భాగానికి సంఖ్యగా చెప్పగలుగుతారు.

ఇంతటితో ఆగి "పరిసరాలే గెలాక్సీని పెద్దది చేశాయి" అని రాయడమే అసలైన ప్రమాదం. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ ఆయకట్టులో దిగుబడి ఎక్కువ, దేవరకొండ మెట్టలో తక్కువ అని తెలిసినంత మాత్రాన తేడా అంతా నీటిదేనని చెప్పలేం. కాలువ కింది రైతు వేరే వంగడం, ఎక్కువ ఎరువు వేసి ఉండవచ్చు, ఒకే వంగడం వేసిన మళ్లను పోల్చినప్పుడే నీటి వంతు తేలుతుంది. గెలాక్సీలలో ద్రవ్యరాశీ పరిసరమూ అలాగే కలిసి మారతాయి. కనుక రెండవ దశలో ద్రవ్యరాశిని బిగించి పట్టుకోవాలి. సంవర్గమానం 10.0 నుంచి 10.3 వరకు, 10.3 నుంచి 10.6 వరకు అంటూ ఇరుకైన గదులు చేసుకుని, ఒక్కో గదిలో సాంద్రత పెరిగేకొద్దీ ఎర్ర గెలాక్సీల వంతు ఎలా మారుతుందో చూడాలి.

తక్కువ ద్రవ్యరాశి గదుల్లో ఆ వంతు సాంద్రతతో స్పష్టంగా పెరుగుతుంది. అతి భారీ గదిలో మాత్రం పలుచని చోటనైనా, చిక్కని చోటనైనా గెలాక్సీలు చాలావరకు ఎర్రగానే ఉంటాయి. ఈ విషయాన్ని పెంగ్, ఆయన సహచరులు 2010లో ఇదే సర్వే డేటాతో చక్కగా విడదీసి చూపారు. గెలాక్సీ తన ద్రవ్యరాశి వల్ల తానే నక్షత్రాల పుట్టుకను ఆపుకోవడం ఒకటి, పరిసరాలు ఆపడం మరొకటి, రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పనిచేస్తాయి. వంతు పెరుగుదలను మీ పటంలో చూసినప్పుడు, పరిసరాలు చిన్న గెలాక్సీల ఎదుగుదలను మధ్యలో నిలిపివేస్తున్న తీరును మీరే కొలిచినట్టు లెక్క.

వీలైతే ప్రధాన, ఉపగ్రహ గెలాక్సీలను విడదీసి ఇదే పోలికను మళ్లీ చేయండి. యాంగ్, ఆయన సహచరులు 2007లో తయారుచేసిన సమూహాల పట్టిక ఇందుకు ఉపయోగపడుతుంది. పరిసరాల దెబ్బ ప్రధానంగా ఉపగ్రహ గెలాక్సీల మీదనే కనిపిస్తుంది. అయితే ఆ పట్టికలో ఒక్కో సమూహానికి ఇచ్చిన కృష్ణ పదార్థపు ద్రవ్యరాశిని, దానిలోని గెలాక్సీల మొత్తం కాంతి లేదా నక్షత్రాల ద్రవ్యరాశి ఆధారంగానే అంచనా వేశారని గుర్తుంచుకోవాలి. ఆ సంఖ్యను పరిసరంగా తీసుకుని, ప్రధాన గెలాక్సీ ద్రవ్యరాశి దానితో పాటు పెరుగుతోందని చూపడం అంటే, పెట్టినదాన్నే తిరిగి తీసి చూపడం. ఇటువంటి పటాలు అందంగా, గట్టి సంబంధంతో వస్తాయి కాబట్టి మరింత జాగ్రత్త అవసరం.

ప్రతి బిందువుకూ అనిశ్చితి గీత ఉండాలి. పట్టికలోంచి గెలాక్సీలను యాదృచ్ఛికంగా, తీసినదాన్ని మళ్లీ వేస్తూ, అనేకసార్లు ఎంచి, ప్రతిసారీ వచ్చిన ఫలితాల వ్యాప్తిని తీసుకుంటే అది దొరుకుతుంది. ఇంకో పరీక్ష తప్పక చేయండి. కోమా గుచ్ఛం ఉన్న భాగాన్ని పూర్తిగా తీసేసి లెక్కంతా మళ్లీ నడపండి. ఫలితం నిలిస్తే అది పరిసరాల గురించి, నిలవకపోతే కేవలం కోమా గురించి మాత్రమే.

కళ్లతో చూడాలనుకుంటే

లెక్కకు ఇది అవసరం లేదు, కానీ పట్టికలోని అంకెలు దేనివో ఒక్కసారైనా చూసినవారికి ఆ పనిలో శ్రద్ధ పెరుగుతుందని నేను నమ్ముతాను. మార్చి, ఏప్రిల్ నెలల్లో అమావాస్యకు దగ్గరి రాత్రుల్లో కన్యారాశి గుచ్ఛం మనకు దాదాపు నడినెత్తికి వస్తుంది. ఉత్తర ఫల్గుణి నక్షత్రం నుంచి తూర్పుకు, చాచిన చేతి పిడికిలి వెడల్పంత జరిగితే అక్కడే ఉంటుంది. ఉత్తర ఫల్గుణికీ స్వాతికీ నడుమ, కాస్త ఉత్తరంగా కోమా గుచ్ఛం. ఈ దిక్కున పాలపుంత ధూళి చాలా తక్కువ. ఆరు అంగుళాల దూరదర్శినిలో ఎం 87, ఎం 86, ఎం 84 మసక చుక్కల్లా కనిపిస్తాయి, కోమా మాత్రం దానికి అందడం కష్టం. అచ్చంపేట చుట్టుపక్కల ఊళ్లలో ఆకాశం ఇంకా చీకటిగానే ఉంది. పులుల అభయారణ్యంలోకి రాత్రిపూట ప్రవేశం ఉండదు కనుక చెక్‌పోస్టుకు ఇవతలే పొలాల్లో చోటు చూసుకోవాలి. కృష్ణా తీరాన ముడుమాల్ నిలువురాళ్ల చెంత ఒక బండపై సప్తర్షి మండలాన్ని పోలిన గుంతలున్నాయి. ఆ సప్తర్షుల దిక్కునే, 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఎం 81, ఎం 82 ఉన్నాయి. ఒక చిన్న సమూహంలో పొరుగు గెలాక్సీ లాగడం వల్ల వాయువు ఎలా కదిలి, నక్షత్రాల పుట్టుక ఎలా ఉప్పొంగుతుందో చెప్పడానికి వీటి కంటే దగ్గరి ఉదాహరణలు తక్కువ.

రికార్డులో రాయవలసినవి

డేటాను సర్వే ఎన్నో విడుదల నుంచి తీసుకున్నారు, ఎస్‌క్యూఎల్ ప్రశ్న అక్షరం పొల్లుపోకుండా ఏమిటి, హబుల్ స్థిరాంకం ఎంతగా తీసుకున్నారు, ఏ కోతకు ఎన్ని గెలాక్సీలు మిగిలాయి అన్నవి ప్రాజెక్టు రికార్డులో మొదటి పేజీల్లోనే ఉండాలి. హబుల్ స్థిరాంకం 70కి బదులు 74 తీసుకుంటే ద్రవ్యరాశులన్నీ దాదాపు 11 శాతం తగ్గుతాయి. ఇతరుల ఫలితాలతో పోల్చేటప్పుడు ఈ తేడాను ముందుగా సవరించాలి. ఎర్ర, నీలి గెలాక్సీలను విడదీసిన రంగు గీత ఎక్కడ గీశారో, దాన్ని అటూ ఇటూ 0.05 జరిపితే ఫలితం ఏమైందో కూడా చేర్చండి. వైవా పరీక్షకు వచ్చే ఎగ్జామినర్ అడిగే తొలి ప్రశ్నల్లో ఇది ఉంటుంది, అడగకపోయినా రాసి ఉండాలి.